జానెడు అల

నర్రాబ్రైకి పడమట, పత్తిచేలు అయిపోయిన చోట
రైలు పట్టా మీద అయిదు గిన్నెలు
ఆకాశానికి నోళ్ళు తెరిచి ఉంటాయి.
ఆరోది మూడు కిలోమీటర్ల అవతల,
అలిగిన తోడికోడలులా ఒక్కతే.

గేటు దగ్గర బోర్డు: ఫోన్లు ఆపండి.
డెస్మండ్ ఆపేది ఫోను కాదు, చెవి.
మిషన్ తీసి, గుడ్డముక్కలో చుట్టి
కారులో పెట్టి తాళం వేస్తాడు.
ముప్ఫై ఏళ్ళ నౌకరీ, చివరి మూడేళ్ళూ ఇలాగే:
లోకంలోకెల్లా జాగ్రత్తగా వినే చోట
ఏమీ వినపడకుండా.

ఈ వారం మా పని ఒక చిన్న గుంపు.
పేరు లేదు, నంబరుంది.
పెద్ద గుంపుల్లో వెయ్యేసి గెలాక్సీలు, పెళ్ళివారి హడావుడి.
ఇవి అయిదే.
ఒక్క ఆటోలో సర్దుకునే కుటుంబం.

కూనబరాబ్రన్ కొండ మీంచి ఫెర్గస్ పంపిన ఫోటోలో
అయిదు మసక చుక్కలు.
మధ్యలో నలుపు, తడిగుడ్డతో తుడిచిన పలకలా.
ఒకరికొకరు ఏమీ కారంటుంది వెలుగు.
కంటికి తెలిసింది అంతే.

పరారుణంలో మూడోదాని నడుం వెలిగింది.
ఉత్త దుమ్ముపట్టీ అనుకున్న చోటే
ఊకనిప్పులా పిల్లనక్షత్రాలు.

ఇయోనా దగ్గరున్నది ఉపగ్రహం పట్టిన ఎక్స్‌రే చిత్రం.
అందులో గెలాక్సీలు దాదాపు లేవు.
అన్నిటినీ కప్పిన ఒక్కటే దుప్పటి,
కోటి డిగ్రీల వేడి.
కోటి డిగ్రీలే, కానీ చెంబుడు చోటుకి ఒక్క కణం.
చెయ్యి పెడితే కాలదు, చలేస్తుంది,
అంటుంది ఇయోనా
టీ కప్పు రెండు చేతులా పట్టుకుని.

ఎవరి చిత్రం నిజమని భోజనాల దగ్గర వాదన.
ఏనుగు కథ ఎత్తొద్దని ముందే చెప్పాను.
ఆ కథలో ఏనుగు
తడిమిందాకా కదలకుండా నిలబడింది.
ఇవి నిలబడవు.

నా వంతు హైడ్రోజన్.
చల్లగా ఉన్నప్పుడు అది పలికే అల
ఇరవై ఒక్క సెంటీమీటర్లు.
బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా
సరిగ్గా నా జాన.
జానెడు పొట్ట అని పుట్టినప్పట్నించీ విన్నాను,
జానెడు అల అని ఎవరూ చెప్పలేదు.

బయల్దేరినప్పుడు జానెడు.
నలభై కోట్ల ఏళ్ళు నడిచి ఇక్కడికొచ్చేసరికి
బియ్యపుగింజంత సాగింది.
ఆ గింజలోనే ఉంది దూరం లెక్కంతా.

అయిదో రాత్రి మూడున్నరకి గీతలు పడ్డాయి.
మొదటిదాన్నించి రెండోదానికి వంతెన.
రెండోది మూడోదాన్ని ఎప్పుడో రాసుకుపోయినట్టు
పొడుగ్గా ఒక తోక.
నాలుగోది తన దగ్గరున్నదంతా
వాళ్ళకిచ్చేసి వట్టి చేతులతో.
చుక్కలు పెట్టి ఎవరో లేచిపోతే
ఇప్పుడొచ్చి ముగ్గు కలుపుతున్నట్టు.

అయిదోదానికి గీత రాలేదు.
వెతికాను. దాని అల సాగింది నూకంతే.
అది మనకి పదోవంతు దూరంలోనే ఉంది.
ఫోటోకి అడ్డొచ్చిన దారినపోయే దానయ్య.
ఇన్నాళ్ళూ దాన్ని కూడా కలిపి
బరువులు తూచాం, చుట్టరికాలు రాశాం.
నలుగురే.

డెస్మండ్ వచ్చి వెనక నిలబడ్డాడు.
కాగితం మీద రాశాను: వంతెన.
దేంతో కట్టారు? పెదాలతో అడిగాడు.
చెయ్యి చాచి చూపించాను, ఇంతేసి అలలు పలికే దాంతో.
గ్రీజు మరకల చెయ్యి చాచి
నా చేతికి ఆనించాడు.
అతని జాన పెద్దది.
ఎంత పెద్దదో కొలవలేదు.

తెల్లారుతూ గాలి లేచింది.
గిన్నెలన్నిటినీ వెల్లకిలా తిప్పి పడుకోబెట్టాం,
దూరంగా ఉన్నదాన్ని కూడా.

గేటు దాటాక కారు ఆపి
డెస్మండ్ గుడ్డముక్క విప్పాడు.
కరెంటు తీగ మీద గలా పక్షులు
వందో రెండొందలో,
ఒక్కసారిగా.
మొహం చిట్లించాడు.
తీసెయ్యలేదు.